తిన్న మేత ఒంటికి పట్టని జబ్బు

గాడిలో వేసిన మేత మిగల్చదు. కుడితి తొట్టిలో మూతి పెడితే అడుగంటా తాగుతుంది. ఒళ్లు పట్టి చూస్తే జ్వరం ఉండదు. నెమరు వేయడం మానదు. అయినా నెలనెలా ఎముకలు బయటపడుతుంటాయి. పేడ పలచబడి, గంజిలా జారి, తోకకూ తొడలకూ అంటుకుని ఎండిపోతుంటుంది. పాలు సగానికి సగం పడిపోతాయి. చివరికి దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది.

రైతు ఊరుకోడు. నట్టల మందు పోయిస్తాడు. నాలుగు రోజులు పేడ గట్టిపడినట్టే ఉండి మళ్లీ మొదలవుతుంది. దిష్టి తగిలిందని ఒకరంటారు. మేత మార్చి చూడమని ఒకరంటారు. మందులకు పోసిన డబ్బు చాలనుకుని, ఇంకా చిక్కితే కొనేవాడు కూడా ఉండడని తలచి, ఒక సంతనాడు దాన్ని తోలుకుపోయి వచ్చిన ధరకు అమ్మేస్తాడు. ఇంటికి పట్టిన పీడ వదిలిందనుకుంటాడు.

పీడ వదలదు. అమ్మిన పశువుతో పాటు జబ్బు కొన్నవాడి కొట్టంలోకి నడిచి వెళుతుంది. అది విడిచిపెట్టిన పేడతో పాటు అమ్మినవాడి కొట్టంలోనూ ఉండిపోతుంది. మూడేళ్లకో నాలుగేళ్లకో, అక్కడే పుట్టి పెరిగిన పెయ్య రెండో ఈతో మూడో ఈతో ఈనాక, అదే వరుసలో చిక్కిపోవడం మొదలుపెడుతుంది. అప్పటికి పాత ఆవు మాట ఎవరికీ గుర్తుండదు.

ఈ జబ్బును పశువైద్యులు జోన్స్ వ్యాధి అంటారు. శాస్త్ర గ్రంథాల్లో దీని పేరు పారాట్యూబర్‌క్యులోసిస్. అంటే క్షయను పోలిన జబ్బని అర్థం. ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలకే కాక జింకలకూ కుందేళ్లకూ నక్కలకూ కూడా ఇది సోకుతుందని శాస్త్రజ్ఞులు తేల్చారు. నూట ముప్పై ఏళ్లుగా వివిధ దేశాల్లో ఈ జబ్బు మీద పరిశోధనలు సాగుతున్నాయి. వాటిలో తేలిన సంగతులు చాలావరకు పల్లెలో పశువులు పెంచుకునే రైతుకు పనికివచ్చేవే.

మొదట చిక్కిన ఆవు

1894లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ ప్రాంతంలో ఒక రైతు ఆవును కొన్నాడు. అది పాలు సరిగా ఇవ్వలేదు. రోజురోజుకూ చిక్కిపోయింది. క్షయ కావచ్చని పరీక్ష చేస్తే క్షయ లేదని తేలింది. అది చనిపోయాక పేగులను డ్రెస్డెన్ నగరంలోని ప్రయోగశాలకు పంపారు. అక్కడ యోనె అనే ఆచార్యుడు, అమెరికా నుంచి వచ్చిన ఫ్రాథింగామ్ అనే శాస్త్రజ్ఞుడు కలిసి వాటిని పరీక్షించారు. పేగు గోడ మందమెక్కి ముడతలు పడి ఉంది. సూక్ష్మదర్శినిలో చూస్తే క్షయ క్రిముల్లాగే ఎర్రరంగు పట్టే సన్నని కడ్డీల వంటి క్రిములు గుంపులు గుంపులుగా కనిపించాయి. 1895లో వారు ఈ సంగతి ప్రకటించారు. క్షయలోనే ఇదొక వింత రకమని అప్పట్లో అనుకున్నారు. ఇది క్షయ కాదు, వేరే జబ్బని 1906లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు బాంగ్ తేల్చాడు. యోనె పేరే ఇంగ్లీషువాళ్ల నోట మారి జోన్స్ వ్యాధి అయింది.

క్రిమి కనిపించింది గానీ ప్రయోగశాలలో పెరగలేదు. చాలా క్రిములు గాజు పళ్లెంలో రాత్రికి రాత్రే పెరిగి కంటికి కనిపిస్తాయి. ఇది మాత్రం ఏం పెట్టినా పెరగలేదు. 1910 ప్రాంతంలో ఇంగ్లండుకు చెందిన ట్వార్ట్ అనే శాస్త్రజ్ఞుడు ఒక ఉపాయం కనిపెట్టాడు. గడ్డి మీద ఉండే మరో రకం క్రిములను చంపి ఆ పదార్థాన్ని దీని ఆహారంలో కలిపాడు. అప్పుడు పెరిగింది. ఈ క్రిమి తనకు కావలసిన ఒక పదార్థాన్ని తానుగా తయారు చేసుకోలేదని దానితో అర్థమైంది.

పెరిగినా దానికి తొందర లేదు. పశువు పేడ నుంచి తీసిన క్రిమి పళ్లెంలో కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. గొర్రెల్లో ఉండే రకానికి ఒక్కోసారి ఆరు నెలలు కూడా చాలవు. పశువు ఒంట్లోనూ దాని నడక అంతే. ఈ నెమ్మదితనమే రైతును మోసం చేస్తోంది.

దూడప్పుడు పడే విత్తు

జోన్స్ వ్యాధి పెద్ద పశువులో కనిపిస్తుంది. కానీ అంటుకునేది చాలావరకు దూడగా ఉన్నప్పుడే. పుట్టినప్పటి నుంచి ఆరు నెలల వరకు దూడకు ఇది తేలికగా సోకుతుంది. వయసు పెరిగే కొద్దీ సోకే అవకాశం తగ్గుతుంది.

జబ్బు ముదిరిన పశువు వేసే పేడలో, ఒక్క గ్రాములోనే ఈ క్రిములు కోట్లలో ఉండవచ్చు. ఆ పేడ తల్లి పొదుగుకు అంటుకుని ఉంటుంది. దూడ ఆ పొదుగును నాకుతుంది, చీకుతుంది. పేడలో పడిన మేతను ఏరుకు తింటుంది. కట్టేసిన చోట నేలను నాకుతుంది. ఇది చాలు. జున్నుపాలల్లో, పాలల్లో కూడా క్రిమి దిగుతుంది. జబ్బు బయటపడిన ఆవులకు పుట్టే దూడల్లో పదింట నాలుగింటికి తల్లి కడుపులోనే సోకి ఉంటుందని పరిశోధనల్లో తేలింది.

దూడ కడుపులోకి చేరిన క్రిమి చిన్నపేగు చివరి భాగంలో స్థిరపడుతుంది. ఒంట్లో క్రిములను మింగి చంపవలసిన కణాలు దీన్ని మింగుతాయి గానీ చంపలేవు. వాటిలోపలే ఇది కాపురం పెడుతుంది. దూడ పెరుగుతుంది, పెయ్య అవుతుంది, కడుపు కడుతుంది, ఈనుతుంది. చూడడానికి ఏ లోపమూ ఉండదు. నివురుగప్పిన నిప్పులా రెండేళ్లు, ఐదేళ్లు గడుస్తాయి. ఈలోగా పేగు గోడ కొంచెం కొంచెంగా మందమెక్కుతుంది. మందమెక్కిన పేగు మేతలోని సారాన్ని లాగలేదు. పైగా రక్తంలోని మాంసకృత్తులు పేగులోకి కారిపోతాయి. పశువు తిన్నది తిన్నట్టే పోతుంది. ఒంట్లో ఉన్న కండ కూడా కరిగిపోతుంది. దవడ కింద నీరు దిగేది అందుకే.

ఈత ఒత్తిడి, మేత కొరత, దూర ప్రయాణం వంటివి తగిలినప్పుడు దాగి ఉన్న జబ్బు బయటపడుతుంది. కొత్తగా కొన్న పశువు ఈనిన కొద్ది వారాలకే చిక్కిపోతే మేత పడలేదనో, నీళ్లు పడలేదనో అనుకోవడం సహజం. దాని వెనక ఎప్పుడో దూడప్పుడు పడిన విత్తు ఉండవచ్చు.

మందలో ఒక పశువుకు జబ్బు బాగా ముదిరి కనిపించిందంటే పైకి ఆరోగ్యంగా ఉన్నవాటిలో మరెన్నిటికో అప్పటికే సోకి ఉంటుంది. అమెరికాలోని పాడి మందల లెక్కల ప్రకారం ఒకటి కనిపిస్తే పదిహేను నుంచి పాతిక దాకా కనిపించనివి ఉంటాయని అక్కడి నిపుణులు అంచనా వేశారు.

గొర్రెల్లో గుర్తుపట్టడం ఇంకా కష్టం

ఆవుల్లో, గేదెల్లో పారుడు కనిపిస్తుంది కాబట్టి అనుమానమైనా కలుగుతుంది. గొర్రెలు, మేకల్లో చాలావాటికి పారుడే ఉండదు. పెంటికలు మామూలుగానే వేస్తుంటాయి. మంద వెనకబడి నడుస్తాయి. వెన్నుపూసలు చేతికి తగులుతాయి. ఉన్ని వదులై ఊడుతుంది. నాలుగైదు నెలల్లో కూలిపోతాయి. కాపరి వాటిని ముసలివని, పళ్లు అరిగాయని, నట్టలున్నాయని అనుకుంటాడు.

పల్లెల్లో పారుడు రోగమని పిలిచే పి.పి.ఆర్. ఇది కాదు. దానిలో జ్వరం వస్తుంది, ముక్కు కారుతుంది, నోరు పుండవుతుంది, రోజుల్లోనే మందను ఊడ్చేస్తుంది. దానికి టీకా ఉంది. నట్టలుంటే మందు పోయగానే తేడా తెలుస్తుంది. కార్జపు జలగలు పట్టినప్పుడు కూడా దవడ కింద నీరు దిగుతుంది. అయితే కంటి రెప్ప లోపల తెల్లగా పాలిపోతుంది, తగిన మందుకు లొంగుతుంది. మందు పోసినా లొంగకుండా, జ్వరం లేకుండా, మేత తింటూనే చిక్కిపోయే పెద్ద పశువును చూసినప్పుడు జోన్స్ వ్యాధి సంగతి పశువైద్యుడిని అడగాలి.

ఇరవై గొర్రెలు తెచ్చిన చేటు

కంటికి కనిపించని జబ్బును కొని తెచ్చుకుంటే ఏమవుతుందో ఐస్‌లాండ్ దేశం అనుభవం చెబుతుంది. ఉత్తర సముద్రాల నడుమ ఉన్న ఆ చిన్న ద్వీప దేశంలో గొర్రెలే రైతుకు ఆధారం. వేసవిలో ఊళ్లవాళ్లందరి గొర్రెలూ కొండల మీది ఉమ్మడి బీళ్లలో కలిసి మేస్తాయి. శరదృతువులో అందరూ కలిసి వాటిని దింపుకొచ్చి, చెవి గుర్తులు చూసి ఎవరివి వారు వేరు చేసుకుంటారు.

1933లో అక్కడివారు జర్మనీలోని హాలే నగరం నుంచి ఇరవై కారకుల్ గొర్రెలను తెప్పించారు. కారకుల్ గొర్రెపిల్లల బొచ్చు తోలుకు అప్పట్లో మంచి ధర ఉండేది. స్థానిక గొర్రెలతో దాటిస్తే రైతుకు నాలుగు డబ్బులు వస్తాయని ఆశించారు. తెచ్చినవారు అజాగ్రత్తగా ఉన్నారనడానికి లేదు. గొర్రెలు ఆరోగ్యంగా ఉన్నాయన్న పత్రాలు ఉన్నాయి. వచ్చాక కూడా వాటిని ఒక దీవిలో వేరుగా ఉంచి కొన్ని వారాలు గమనించారు. ఏ జబ్బూ కనిపించలేదు. అప్పుడే రైతులకు పంచారు.

తరువాతి ఏళ్లలో ఆ గొర్రెలు చేరిన ఊళ్లలో మందలు చావడం మొదలైంది. ఊపిరితిత్తుల జబ్బులు రెండు రకాలు వచ్చాయి. 1938లో జోన్స్ వ్యాధి బయటపడింది. ఆ తర్వాత అది గొర్రెల నుంచి ఆవులకూ పాకింది. ఇరవై గొర్రెలు మోసుకొచ్చిన జబ్బులన్నిటిదీ ఒకటే స్వభావం. ఏళ్లకు ఏళ్లు లోపల దాగి ఉండడం. అలాంటి జబ్బును కొన్ని వారాల పరిశీలన పట్టుకోలేదు. ఉమ్మడి బీళ్లు దాన్ని ఊరూరా పంచాయి.

ప్రభుత్వం దేశానికి అడ్డంగా కంచెలు వేయించింది. కొన్ని ప్రాంతాల్లో ఉన్న గొర్రెలన్నిటినీ తీసేసి, జబ్బు లేని చోట్ల నుంచి కొత్తవి తెచ్చి పంచింది. ఈ పద్ధతితో ఊపిరితిత్తుల జబ్బులు 1965 నాటికి పోయాయి. జోన్స్ వ్యాధి మాత్రం పోలేదు. గొర్రెలను తీసేసినా క్రిమి మట్టిలో, నీటిలో, ఆవుల్లో మిగిలింది.

అప్పుడు ఆ దేశ శాస్త్రజ్ఞుడు బ్యోర్న్ సిగుర్డ్‌సన్ టీకా తయారు చేశాడు. చంపిన క్రిములను నూనెలో కలిపి గొర్రెపిల్లలకు సూదితో ఎక్కించారు. టీకా వేసిన మందల్లో ఈ జబ్బు చావులు పదింట తొమ్మిది పాళ్లు తగ్గాయి. 1966 నుంచి జబ్బు ఉన్న ప్రాంతాల్లో టీకాను చట్టప్రకారం తప్పనిసరి చేశారు. చావులు తగ్గాయి గానీ జబ్బు పూర్తిగా పోలేదు. దాన్ని తేవడానికి ఇరవై గొర్రెలు చాలాయి. వదిలించుకోవడానికి తొంభై ఏళ్లు చాలలేదు.

కుందేళ్ల మీద అనుమానం

ఐస్‌లాండ్‌లో జబ్బు పశువు నుంచి పశువుకు పాకింది. స్కాట్లాండ్‌లో ఇంకో చిక్కు ఎదురైంది. కొందరు రైతులు జబ్బు పశువులను తీసేసినా, దూడలను జాగ్రత్తగా పెంచినా మందల్లో జోన్స్ వ్యాధి మళ్లీ మళ్లీ తలెత్తింది. ఎక్కడి నుంచి వస్తోందో తెలియలేదు.

ఎడింబరా దగ్గర మోర్‌డన్ అనే పరిశోధన సంస్థ ఉంది. 1920లో స్కాట్లాండ్ రైతులే పూనుకుని దాన్ని ఏర్పాటు చేసుకున్నారు. ఆ సంస్థ వారు, అక్కడి పశువైద్యులు కలిసి 1990ల్లో పొలాల్లోని కుందేళ్లను పరీక్షించారు. కుందేళ్ల పేగుల్లో అదే క్రిమి దొరికింది. పశువుల్లో ఉన్న రకం, కుందేళ్లలో ఉన్న రకం ఒకటేనని తేలింది. కుందేళ్ల నుంచి తీసిన క్రిమిని లేగదూడలకు ఇచ్చి చూస్తే వాటికి సోకింది.

ఆవు తన పేడ పడిన చోట మొలిచిన గడ్డిని ముట్టదన్నది పశువులు కాసేవాడికి తెలిసిన సంగతే. ఆ అలవాటే దాన్ని ఎన్నో జబ్బుల నుంచి కాపాడుతుంది. కుందేళ్ల పెంటికలు పడిన గడ్డిని మాత్రం ఆవులు ఏ అనుమానమూ లేకుండా మేసేస్తున్నాయని స్కాట్లాండ్ పరిశోధకులు గమనించారు. కుందేళ్లు ఎక్కువగా ఉన్న బీడులో పశువు రోజూ గడ్డితో పాటు వాటి పెంటికలనూ మింగుతోందన్నమాట.

అక్కడితో ఆగలేదు. కుందేళ్లను తినేవాటి సంగతి కూడా చూశారు. నక్కల్లో, ముంగిసను పోలిన స్టోట్ అనే జంతువుల్లో ఈ క్రిమి ఎక్కువగా దొరికింది. కాకుల్లో, ఎలుకల్లో, కుందేళ్లలోని మరో జాతిలో కొద్దిగా దొరికింది. నెమరు వేయని అడవి జంతువుల్లో ఇన్నిటికి ఈ క్రిమి ఉంటుందని 2001లో ప్రకటించేదాకా ఎవరూ అనుకోలేదు.

ఇంతకీ కుందేళ్లకు ఎక్కడి నుంచి వచ్చింది? పశువుల్లో జబ్బు ఉన్న పొలాల్లోనే కుందేళ్లలో కూడా ఎక్కువగా కనిపించింది. రైతు పశువు పేడే కుందేలు మేసే గడ్డి మీద పడింది. కుందేలు తన పిల్లకు ఇచ్చింది. ఆ పిల్లల పెంటికలు తిరిగి దూడ నోటికి చేరాయి. రైతు ఇంటి జబ్బు అడవి చుట్టూ తిరిగి మళ్లీ ఇంటికే వచ్చింది.

తెలుగు పల్లెల్లో పొదల్లో కనిపించే చెవులపిల్లి, స్కాట్లాండ్ కుందేలు ఒకటి కావు. అక్కడివి బొరియలు తవ్వుకుని గుంపులుగా ఉంటాయి. ఇక్కడిది ఒంటరిగా తిరిగే జీవి. కాబట్టి అక్కడి సంగతి ఇక్కడ అంటగట్టి చెవులపిల్లులను వేటాడమని దీని అర్థం కాదు.

అడవి జంతువుదా తప్పు?

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో టూలీ ఎల్క్ అనే పెద్ద జింకల జాతి ఒకప్పుడు దాదాపు అంతరించిపోయింది. మిగిలినవాటిని కాపాడి, 1978లో పది జింకలను సముద్రతీరంలోని పాయింట్ రేయస్ ఉద్యానవనంలో వదిలారు. రెండు మూడేళ్లలోనే వాటిలో కొన్ని చిక్కిపోయి పారుకున్నాయి. పరీక్షిస్తే జోన్స్ వ్యాధి అని తేలింది. ఆ జింకలను వదిలిన నేల అంతకుముందు పాడి ఆవులు మేసిన బీడు.

ఉత్తరప్రదేశ్‌లో మథుర దగ్గర యమున ఒడ్డు కంచెల్లో తిరిగే మనుబోతుల్లో కూడా ఈ క్రిమి ఉన్నట్టు మన దేశ శాస్త్రజ్ఞులు గుర్తించారు. మనుబోతులు, ఊరి పశువులు, మేకలు అక్కడ ఒకే బీట్లో మేస్తాయి, ఒకే రేవులో తాగుతాయి. అడవి అంచున మందలు మేపుకునే ప్రతి చోటా పరిస్థితి ఇదే. పశువు నుంచి అడవికి, అడవి నుంచి పశువుకు దారి తెరిచే ఉంటుంది. ఆ దారి మూసే వీలు అడవి జంతువుకు లేదు. తన పశువు పేడ ఎక్కడ పడుతోందో చూసుకోగలవాడు రైతే.

మథుర మేకల సంస్థ టీకా

మథుర జిల్లా మఖ్దూంలో కేంద్ర మేకల పరిశోధన సంస్థ ఉంది. ఆ సంస్థలో జమునాపారి మేకలు ఈ జబ్బుతో చిక్కి చనిపోతుండడంతో శాస్త్రజ్ఞులు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. మన దేశపు మేకల్లో, గొర్రెల్లో, ఆవుల్లో, గేదెల్లో ఎక్కువగా ఉన్న క్రిమి ఐరోపా ఆవుల్లో కనిపించే రకం కాదని తేలింది. అమెరికాలోని బైసన్ అనే అడవిదున్నల్లో గుర్తించిన రకానికి ఇది దగ్గర. అందుకే దీనికి ఇండియన్ బైసన్ రకమని పేరు పెట్టారు.

విదేశీ రకంతో చేసిన టీకా కన్నా స్వదేశీ రకంతో చేసినది మేలని భావించి, జబ్బు ముదిరిన ఒక జమునాపారి మేక నుంచి తీసిన క్రిమితో అక్కడివారు టీకా రూపొందించారు. టీకా వేసిన మందల్లో బరువు పెరిగిందని, పేడలో క్రిములు తగ్గాయని వారు ప్రకటించారు.

టీకాకు హద్దులున్నాయి. అది జబ్బు బయటపడకుండా ఆపుతుంది. చావులు తగ్గిస్తుంది. పేడలో క్రిమి దిగడం తగ్గిస్తుంది. కానీ సోకకుండా పూర్తిగా అడ్డుకోలేదు. టీకా వేసిన ఆవుకు క్షయ పరీక్ష చేస్తే ఫలితం తికమక పడవచ్చు. సూది వేసిన చోట గడ్డ కడుతుంది. నూనె కలిసిన టీకా కాబట్టి పొరపాటున మనిషి చేతికి గుచ్చుకుంటే ప్రమాదం. కనుక ఎప్పుడు వేయాలో, వేయాలో వద్దో పశువైద్యుడే చెప్పాలి.

జబ్బు ముదిరాక నయం చేసే మందు లేదు. సూదులతో కొన్ని రోజులు పారుడు కట్టవచ్చు. మానేస్తే మళ్లీ మామూలే. ముదిరిన పశువుకు మందులు కొంటూ పోవడం దండగని నిపుణుల అభిప్రాయం.

ఎండ చేసే మేలు

గొర్రెల్లో ఈ జబ్బు వల్ల బాగా నష్టపోయిన మరో దేశం ఆస్ట్రేలియా. పేడలోని క్రిమి బయట ఎంతకాలం బతుకుతుందో అక్కడ కొలిచి చూశారు. పూర్తిగా నీడ ఉన్న చోట 55 వారాల దాకా బతికింది. అంటే ఏడాది దాటింది. నీడ పడిన కుంట నీటిలో, అడుగు బురదలో 48 వారాల దాకా బతికింది. ఎండ తగిలే చోట మాత్రం చాలా త్వరగా చచ్చిపోయింది. గడ్డిని కురచగా మేపి నేలకు ఎండ తగలనిస్తే క్రిమి తొందరగా పోతుందని వారు కనుగొన్నారు. ఈ 55, 48 వారాల లెక్కలు 2004, 2005ల్లో వెలువడ్డాయి.

తెలుగు జిల్లాల రైతుకు ఇది కలిసొచ్చే మాట. ఏప్రిల్, మే నెలల ఎండలు ఇక్కడ ఊరికే వస్తాయి. దొడ్డిని ఖాళీ చేసి, పేడ పొర గీకి తీసి, నేలను ఎండకు వదిలితే సగం పని సూర్యుడే చేస్తాడు. చెట్టు నీడన, కప్పు కింద, తడి ఆరని మూలల్లో మాత్రం ఎండ చేసేదేమీ ఉండదు. సాధారణంగా దూడలను కట్టేది ఆ మూలల్లోనే.

రైతు చేతిలో ఉన్నవి

దూడ నోటికి పెద్ద పశువు పేడ చేరకుండా చూడడమే అసలు వైద్యం. దీనికి పెద్ద ఖర్చు లేదు.

ఈనే పశువును శుభ్రమైన, పొడి చోట కట్టాలి. దూడకు జున్నుపాలు పట్టే ముందు పొదుగును, తొడలను కడిగి తుడవాలి. దూడలను పెద్ద పశువుల వెనక వరుసలో కట్టకుండా, పెద్ద పశువుల మురుగు అటు పారకుండా, వేరే చోట కట్టాలి. అది నాలుగు తడికెల గుడిసె అయినా చాలు. చిక్కిపోతున్న ఆవు పాలు ఏ దూడకూ పట్టకూడదు. దాని దూడను మందలో పెంపకానికి ఉంచుకోకపోవడం మేలు.

గాడిని, నీళ్ల తొట్టిని పశువు కాలు పెట్టలేని ఎత్తులో కట్టాలి. పేడ తట్ట, పార వేరు, మేత తట్ట వేరు ఉండాలి. పచ్చి పేడను పచ్చగడ్డి మడిలో చల్లకూడదు. పెంటకుప్పలో బాగా వేడెక్కి మాగిన ఎరువును పంట చేలకు తోలుకోవచ్చు. గొర్రెల మందలో పిల్లల దొడ్డిని ఏటా చోటు మార్చి, పాత చోటును ఎండకు వదలాలి. మురిగిన కుంటలో పశువులను దించకుండా, తోడి పోసిన నీరు తాగించడం మంచిది.

అనుమానం ఉన్న పశువును వేరే కట్టి, పశువుల ఆస్పత్రిలో చెప్పాలి. పేడ, రక్తం నమూనాలు తీయించి పరీక్షకు పంపవచ్చు. ఒకసారి పరీక్షలో లేదని వచ్చినంత మాత్రాన లేదని కాదు. దాగి ఉన్న దశలో పరీక్షలు పట్టుకోలేకపోవచ్చు. అందుకే మళ్లీ చేయించాలి.

పాల మాట

ఈ క్రిమి మనుషులకు హాని చేస్తుందా అన్న ప్రశ్న పాతదే. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో డాల్జియల్ అనే శస్త్రవైద్యుడు 1913లోనే, కొందరు రోగుల పేగుల జబ్బు పశువుల జోన్స్ వ్యాధిని పోలి ఉందని రాశాడు. ఆ పేగుల జబ్బును తర్వాత క్రోన్స్ వ్యాధి అన్నారు. కొందరు రోగుల్లో ఈ క్రిమి దొరికింది, కొందరిలో దొరకలేదు. ఇదే కారణమని ఇప్పటికీ రుజువు కాలేదు. ఎలాగైనా పాలను పొంగు రానిచ్చి బాగా మరిగించి తాగే అలవాటు మంచిది. పచ్చిపాలు తాగడం మానుకోవాలి.

సంతలో తాడు చేతులు మారేముందు

తెలుగు జిల్లాలకు హర్యానా నుంచి ముర్రా గేదెలు వస్తుంటాయి. 2017లో తెలంగాణలో గొర్రెల పంపిణీ పథకం మొదలుపెట్టినప్పుడు ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇవ్వడానికి పొరుగు రాష్ట్రాల నుంచి కూడా కొన్నారు. వారం వారం సంతల్లో పశువులు జిల్లా దాటుతూనే ఉంటాయి. కొత్త రక్తం రావడం మందకు అవసరమే. అయితే కొనేవాడు పళ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, పొదుగు చూస్తాడు. ఆ పశువు పెరిగిన కొట్టాన్ని చూడడు. జోన్స్ వ్యాధి సంగతి తెలిసేది అక్కడే. వీలైతే సంతలో కాక రైతు ఇంటి దగ్గర కొనాలి. ఆ మందలో మేత తింటూ చిక్కి పోయినవి ఏవైనా ఉన్నాయా అని నాలుగిళ్లలో అడగాలి. తల్లి ఎలా ఉందో చూడాలి. చిక్కి ఉన్నది చవకగా వస్తోంది కదా, మేపుకుంటే తేరుకుంటుందని కొనడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

అమ్మేవాడి సంగతి ఇంత తేలిక కాదు. ఒకే ఒక్క గేదె మీద బతికే ఇంట్లో, అది చిక్కిపోతుంటే సంతకు తోలవద్దని చెప్పడం తేలిక, వినడం కష్టం. ఉంచుకుంటే మేత దండగ. అమ్మితే కొంతైనా చేతికి వస్తుంది. అయితే కొన్నవాడూ అలాంటి ఇంటివాడే. అప్పు తెచ్చి కొని ఉంటాడు. అతని కొట్టంలో దూడలుంటాయి. ఆ దూడలు పెరిగి ఈని చిక్కిపోయే నాటికి మూడు నాలుగేళ్లు గడుస్తాయి. ఎవరు అమ్మింది, ఎక్కడ కొన్నది ఎవరికీ జ్ఞాపకం ఉండదు. ఆ పెయ్యల్లో ఒకటి అదే సంతలో తిరిగి మొదటి రైతు చేతికే రావచ్చు.

ఐస్‌లాండ్ రైతులు ఈ జబ్బును ఒక్కొక్కరుగా ఎదుర్కోలేకపోయారు. ఉమ్మడిగా కంచెలు వేసి, ఉమ్మడిగా టీకాలు వేసిన తర్వాతే చావులు తగ్గాయి. ఒకే బీడు, ఒకే చెరువు, ఒకే సంత మీద బతికే పల్లెలకూ అదే దారి. ఎవరి పశువు చిక్కిపోతోందో పాలకేంద్రం దగ్గర దాచకుండా చెప్పుకోవాలి. అందరూ కలిసి పశువైద్యుడిని పిలిపించుకోవాలి. ఈ రెండు పనులకూ ఖర్చు లేదు. ఈ ఏడు పుట్టిన దూడల కోసం ఈ ఏడే చేయవలసిన పనులివి. చేసిన ఫలితం కనిపించేది మాత్రం నాలుగేళ్ల తర్వాతే.